రాహుకాలపు గేటు

మంగళవారం మధ్యాహ్నం మూడు కొట్టగానే జమున కంప్యూటర్ మీద నుంచి చేతులు తీసి కుర్చీలో వెనక్కి వాలేది. అది ఆ ఆఫీసులో అందరికీ తెలిసిన గుర్తు. మూడు నుంచి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆ వేళలో కొత్త రిలీజ్, అంటే యాప్‌లో మార్పు, ఏదీ బయటికి పోదు.

ఆఫీసు అంటే పెద్దదేమీ కాదు. కరీంనగర్‌లో ఒక చీరల దుకాణం పైఅంతస్తు. చీర మడతలు విప్పి పరిచే చప్పుడు, బేరాలు, మధ్య మధ్య నవ్వులు మెట్ల మీదుగా పైకి వినిపిస్తుంటాయి. పైన ఆరేడుగురు కూర్చుని ‘వంతు’ అనే యాప్‌ను నడుపుతుంటారు. పత్తి రైతు జిన్నింగ్ మిల్లుకు ఏ రోజు ఏ వేళకు బండి తేవాలో ఫోన్‌లోనే వంతు తీసుకునే యాప్ అది. జమ్మికుంట వైపు మిల్లులతో మొదలై ఇప్పుడు ఆసిఫాబాద్ దారిలోని మిల్లు దాకా పాకింది. అంతకు ముందు రైతులు మిల్లు బయట రోడ్డు పొడుగునా బండ్లు నిలిపి, పత్తి మీదనే పడుకుని ఎదురుచూసేవాళ్ళు. ఇప్పుడు ఆ బాధ తప్పింది. కాకపోతే వంతు లేని బండిని వాచ్‌మన్ గేటు లోపలికి రానివ్వడు.

జమున ఇంజినీరు కాదు. డిగ్రీ చదివి, పెళ్ళయి, పిల్లలు పెద్దబడికి పోయే వయసు వచ్చాక, రైతుల ఫోన్లు ఎత్తి జవాబు చెప్పే పనిలో చేరింది. ఏ రైతు ఎక్కడ తడబడుతున్నాడో వింటూ వింటూ, కొత్తగా ఏం తయారైనా తానే రైతులాగా నొక్కి చూడటం మొదలుపెట్టింది. తప్పులు దొరికేవి. మెల్లగా, ‘జమునక్క చూడంది ఏదీ బయటికి పోవద్దు’ అనే మాట స్థిరపడింది. కంపెనీ యజమాని కరుణాకర్ ఆమె కన్నా చిన్నవాడు. అక్కా అనే పిలుస్తాడు.

బయటికి పోవడం అంటే ఏమిటో ఆమెకు ఇఖ్రా చెప్పింది. ఇఖ్రా ఇంజినీరు, చురుకైన పిల్ల. మాట కన్నా ముందు నవ్వు వస్తుంది ఆమెకు.

“అక్కా, జిన్నింగ్ మిల్లు చూసినవ్ గద. ఒక దిక్కు పత్తి పోస్తరు. గింజ ఒక కాడ ఊడుతది, చెత్త ఒక కాడ రాలుతది, ఆఖరికి బేలు కట్టుకోని బయటవడుతది. మనది సుత గంతే. నేను రాసింది ఒక దిక్కు పోస్త. పైప్‌లైన్ దాన్ని కూర్చుతది, పరీక్షలు పెడుతది, ముందుగాల నకలు యాప్‌ల పెట్టి చూపిస్తది. ఆడికెల్లి గేటు. గేటు దాటినంక నువ్వు ‘సరే’ అని నొక్కాలె. నొక్కితెనే అసలు యాప్‌లకు పోతది.”

“గీ మిల్లు ఏడుంది మరి?”

“మన కాడ లేదు. క్లౌడ్‌ల ఉంది. ముంబయిల ఏడనో పెద్ద కంప్యూటర్లు. మనం ఈడికెల్లి హుకుం పంపుతే అది వింటది.”

ఆ హుకుం పంపే దారిని ఏపీఐ అంటారని కూడా ఇఖ్రానే చెప్పింది. మనిషి బటన్ నొక్కే పనిలేకుండా ఒక ప్రోగ్రామే క్లౌడ్‌తో మాట్లాడి, ‘పైప్‌లైన్ ఎంతదాకా వచ్చింది?’ అని అడగవచ్చు, ‘గేటు మూయి’ అనవచ్చు, ‘తెరువు’ అనవచ్చు. జమునకు ఆ మాట నచ్చింది. కంటికి కనపడని చోటికి ఇక్కడి నుంచి ఒక మాట పంపడం, అది అక్కడ చేరడం ఆమెకు కొత్త కాదు. పొద్దున్నే పూజగదిలో ఆమె చేసేది అదే కదా.

రాహుకాలపు గేటు పుట్టడానికి ఒక మంగళవారమే కారణం. కిందటి పత్తి కాలంలో, మధ్యాహ్నం మూడు దాటాక ఒక రిలీజ్ పంపారు. యాప్ కాస్తా పడుకుంది. మళ్ళీ లేచేసరికి పొద్దు గూకింది. “నేను అప్పుడే అన్న, మంగళారం మూడింటికి వద్దని,” అంది జమున. దెప్పడానికి కాదు, బాధతో. కరుణాకర్ నవ్వబోయి ఊరుకున్నాడు. పొద్దంతా మిల్లుల వాళ్ళతో తిట్లు తిని ఉన్నాడు. “నీకు గంత పట్టింపుంటే గేటు మూపిద్దాం తియ్. నాదేం పోతది?” అన్నాడు.

ఇఖ్రా చిన్న ప్రోగ్రాం రాసింది. వారంలో ఏ రోజు రాహుకాలం ఎప్పుడో అందులో పెట్టింది. ఆ వేళకు అది తానే లేచి, ఏపీఐ ద్వారా క్లౌడ్‌కు గేటు మూయమని చెబుతుంది. వేళ దాటాక తెరవమంటుంది. గేటు ఎందుకు మూస్తున్నారో కారణం రాయకపోతే క్లౌడ్ ఒప్పుకోదు. ఇఖ్రా ఆ గడిలో ‘రాహుకాలం’ అని తెలుగులోనే రాసి, జమునకు చూపించి పడీ పడీ నవ్వింది.

“నవ్వకు బిడ్డా. దేవుని పని.”

“దేవుని మీద నవ్వుతలేనక్కా. ముంబయిల ఉన్నోడు గిది చదివి పరేషాన్ అయితడు గద, వాని మీద నవ్వుతున్న.”

ఆ తర్వాత జమున గోడ మీది క్యాలెండర్ చూడటం మానేసింది. తెర మీద గేటు పక్కన పచ్చచుక్క ఉంటే మంచివేళ, ఎర్రచుక్క ఉంటే ఆగాలి. ఇంకేం కావాలి? ఏ రోజు రాహుకాలం ఎప్పుడో మెల్లగా మరిచిపోయింది. ఒక్క మంగళవారానిది మాత్రం మరిచిపోదు. అత్త పోశవ్వ ఆ వేళకే దుర్గమ్మ గుడికి పోయి నిమ్మడిప్పల్లో దీపం పెడుతుంది. అందుకని మంగళవారం మూడింటికి మాత్రం తెర వైపు చూడకుండానే ఆమె చేతులు తీసేది.

ఇక ఈ ఏడు పత్తి కాలంలో ఒక మంగళవారం జరిగింది చెప్పాలి.

ఉదయం పదకొండింటికి ఒక రిలీజ్ పోయింది. ఆసిఫాబాద్ దారిలోని మిల్లు మేనేజర్ శ్యాంసుందర్ అడిగిన మార్పు అది. దళారులు ఒకే ఫోన్ నుంచి పది వంతులు లాక్కుంటున్నారని, ఇకనుంచి ఒక నంబరుకు రోజుకు ఒకే వంతు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. అడిగింది న్యాయంగానే తోచింది. జమున నకలు యాప్‌లో రెండో వంతు తీసుకోబోయింది; ఇవ్వలేదు. పచ్చచుక్క చూసి, మనసులో ఆంజనేయస్వామిని తలచుకుని, ‘సరే’ నొక్కింది.

భోజనాలయ్యాక ఫోన్ మోగింది.

“హలో, వంతోళ్ళేనా? బిడ్డా, నేను భూమవ్వను. జైనూర్ అవుతల గూడెంకెల్లి.”

“చెప్పవ్వా.”

“మా వంతులేడ పోయినయి? పొద్దుగాల చూసినప్పుడు ఆరు బండ్లయి ఉండె. ఇప్పుడు ఒక్కటే కండ్లవడుతుంది. కడమయి ఎవలు ఎత్తుకపోయిండ్రు?”

జమున కుర్చీలో నిటారుగా కూర్చుంది. “ఆరు వంతులు ఒక్క నంబరు మీదనే తీసుకున్నవా అవ్వా?”

“మరి ఆరు నంబర్లు ఏడికెల్లి తెస్త? మా గూడెంల సిగ్నల్ అందేది నా ఫోనుకే. గది సుత బడి వెనుక బండరాయి ఎక్కితెనే. అందరియి నేనే నొక్కుత. నేను దళారినేం గాదు బిడ్డా. పత్తి ఏరిన చేతులు సూపియ్యమంటే సూపిస్త.”

“అయ్యో, నిన్నెవరన్నరవ్వా గట్ల!”

“మీ యాప్ అన్నది. ‘ఒక్కరికి ఒక్కటే’ అని రాసిచ్చింది. మా మనుమరాలు సదివి సెప్పింది.”

“పత్తి బండ్లల్ల ఎక్కించిండ్రా?”

“ఎక్కించి తాడు గట్టినం. మొగులు నల్లగైంది. రేపు మిల్లుకు చేరకుంటే ఎల్లుండికెల్లి మిల్లు బందంటిరి. తడిసినంక గా పత్తిని ఎవలు ముట్టరు బిడ్డా. ఏడాది పంట.”

మర్నాటి వంతులు సాయంత్రం నాలుగింటికి మూసేస్తారు. ఆ తర్వాత, అప్పటిదాకా వచ్చిన పేర్లతో మిల్లు గేటుకు పాసులు పోతాయి. నాలుగులోగా ఆ అయిదు వంతులూ తిరిగి రావాలి. జమున “నేను చూస్తనవ్వా, నువ్వు బండ మీదనే ఉండు,” అని ఫోన్ పెట్టేసింది.

తప్పెక్కడుందో తెలుసుకోవడానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. ఒక నంబరు అంటే ఒక మనిషి అనుకున్నారు అందరూ. శ్యాంసుందర్ అనుకున్నాడు, కరుణాకర్ అనుకున్నాడు, తాను కూడా అనుకుంది. పైగా కొత్త నియమం రేపటి నుంచి కాక, అంతకు ముందు తీసుకున్న వంతులను కూడా తుడిచేసింది. ‘రైతులాగా నొక్కి చూస్త’ అని గొప్పగా చెప్పుకుంటుందే, ఏ రైతులాగా నొక్కింది? జేబులో ఫోనున్న రైతులాగా.

ఇఖ్రా అప్పటికే పనిలో పడింది. పొద్దుటి మార్పును వెనక్కి తీసి, తుడిచిపెట్టిన వంతులు తిరిగి వచ్చేలా చేసి పైప్‌లైన్‌లో పోసింది. గడియారం మూడు దాటింది.

“నకలు యాప్‌లకు వచ్చిందక్కా, నువ్వు ఒకసారి చూడు.”

జమున చూసింది. ఈసారి బండ మీద నిలబడ్డ భూమవ్వలాగా చూసింది. ఒక నంబరు మీద ఆరు పేర్లు పెట్టింది, ఆరూ నిలబడ్డాయి. మొబైల్ నెట్ ఆపి, మళ్ళీ పెట్టి చూసింది. నిలబడ్డాయి.

“మంచిగనే ఉంది,” అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇఖ్రా గోడ గడియారం వైపు వేలు చూపించింది.

మంగళవారం. నాలుగున్నర దాకా గేటు తెరుచుకోదు.

జమున ముందుగా శ్యాంసుందర్‌కు ఫోన్ చేసింది. “అన్నా, గీ ఒక్కరోజు వంతులు అయిదింటిదాకా తెరిచి పెట్టరాదే?”

“నా చేతుల లేదమ్మా. నాలుగు దాటితే పాసులు వాటంతటవే అచ్చయితయి. గట్ల చేసిందే మీరు గద!” అన్నాడు ఆయన. అన్నదాంట్లో అబద్ధం లేదు.

“పాసులు లేకున్నా గూడెం బండ్లను లోపటికి రానీయుండ్రి.”

“వాళ్ళను రానిస్తే ఎనుక ఉన్నోళ్ళు ఊకుంటరా? గేటు కాడ నువ్వొచ్చి నిలవడుతవా?”

తర్వాత కరుణాకర్‌కు చేసింది. ఆయన హైదరాబాద్ బస్సులో ఉన్నాడు. మాట తెగుతూ వచ్చింది. మొత్తం విని, “గేటు నాకోసం పెట్టింది గాదక్కా. నీది. తెరుస్తవో మూస్తవో నీ ఇష్టం,” అన్నాడు. ఆ తర్వాత బస్సు హారన్ తప్ప ఏమీ వినపడలేదు.

జమున లేచి కిటికీ దగ్గరికి పోయింది. కింద చీరల దుకాణం ముందు ఎవరో పెళ్ళివారు ఆటో నుంచి దిగుతున్నారు. ముందు దిగిన ముసలామె, వెనకాల వాళ్ళను చేయెత్తి ఆపి, ఏదో అంది. అందరూ దుకాణం గడప తొక్కకుండా పక్కనున్న చెరుకురసం బండి దగ్గరికి నడిచారు. నాలుగున్నర దాకా వాళ్ళు అక్కడే ఉంటారని జమునకు తెలుసు. పెళ్ళిచీర రాహుకాలంలో కొనరు. తానైనా కొనదు.

తప్పేముంది అందులో? పెద్దలు ఊరికే పెట్టారా? కొంచెం ఆగితే కొంపలు మునగవు. ఆగడం నేర్చుకోవడమే మేలు. ఇన్నాళ్ళూ ఆమె అలాగే అనుకుంది. కానీ ఇక్కడ కాసేపు ఆగితే ఆరిళ్ళ పంట ఆగిపోతుంది. తాను మంచివేళ చూసి పదకొండింటికి పంపిన రిలీజే కదా ఈ పని చేసింది! మంచివేళ దాన్నేమీ కాపాడలేదు. అలాగని మంచివేళను తిట్టడానికి ఆమెకు నోరు రాలేదు. సరిగా చూడనిది తాను. వేళేం చేస్తుంది?

అత్త పోశవ్వ ఈపాటికి గుడిలో కూర్చుని ఉంటుంది. నిమ్మకాయ కోసి, రసం పిండి, డిప్పను తిరగేసి, నూనె పోసి, వత్తి వేస్తుంది. కొత్త పనికి పనికిరాని ఈ వేళే ఆ దీపానికి మంచిదంటారు. ఈ వేళలో వెలిగిస్తేనే అమ్మ వింటుందంటారు. రాహుకాలంలో మొదలుపెట్టకూడదు గానీ, మొరపెట్టుకోవచ్చు. మరి కొండగట్టు మీద, ఆంజనేయస్వామి గుడిలో? ఎన్ని మంగళవారాలు పోయింది తాను! మూడు కొట్టిందని స్వామి ఎదుట వరుస ఆపగా ఎన్నడూ చూడలేదు. కష్టమున్నవాడు ఆ వేళలో వచ్చినా స్వామి వింటూనే ఉన్నాడు.

ఆమె వెనక్కి తిరిగింది.

“ఇఖ్రా, కొత్త పని మొదలువెట్టుడు వేరు. చెడిపోయింది బాగుచేసుడు వేరు. ఔనా?”

“ఔనక్కా.”

“పొద్దుగాల మొదలైన పనే గిది. దాని తప్పు మనం దిద్దుతున్నం. నడుమల రాహుకాలం వస్తే, నడిచే పనిని ఆపాలని ఏడ లేదు.”

“వకీలు లెక్క వాదిస్తున్నవక్కా నీ దేవునితోటి.”

“ఆయనతోటి గాదే, నాతోటి నేను వాదించుకుంటున్న.” జమున నవ్వింది. “గేటు తెరువు.”

“పక్కానా? మళ్ళ నన్ను అనద్దు.”

“అనను. తెరువు. ఏమన్నయితే నాది భారం.”

ఇఖ్రా కుర్చీ దగ్గరికి లాక్కుంది. గేటు తెరవమనే ముందు అది ఏ స్థితిలో ఉందో అడగడం ఆమె అలవాటు. ఏపీఐ ద్వారా క్లౌడ్‌ను అడిగింది. జవాబు తెర మీద వరుసలుగా దిగింది. ఇఖ్రా చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు లేని ఆమె మొహం జమున చూడటం అరుదు.

“ఏమాయె?”

“గేటు తెరిచే ఉందక్కా.”

“ఎవరు తెరిచిండ్రు?”

“ఎవరు తెరవలే. అసలు మూసుకోనే లేదు.” ఇఖ్రా ఇంకో హుకుం పంపింది. గేటు ఎప్పుడెప్పుడు మూసుకుందో చెప్పమంది. జవాబు రాగానే నుదురు కొట్టుకుంది. “యా అల్లా! అక్కా, జర మాఫ్ చెయ్. గా ప్రోగ్రాం క్లౌడ్‌ల నడుస్తది గద. అది మన గడియారం చూస్తలేదు, క్లౌడ్ గడియారం చూస్తుంది. కంప్యూటర్లు ముంబయిల ఉన్నా, గా గడియారం ప్రపంచమంతటికి పెట్టిన ఒక్క వేళ చూపిస్తది, మనకన్న అయిదున్నర గంటలు ఎనుక. దాంట్ల మూడు కొట్టినప్పుడు మన కాడ రాత్రి ఎనిమిదిన్నర. మంగళారం మనం ఇంటికి పోయి అన్నం తినేటప్పుడు గేటు మూసుకుంటుంది.”

జమునకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది.

“అంటే ఇన్ని దినాలు...”

“ఇన్ని దినాలు ముంబయిల మూసిన రాహుకాలం మనది గాదక్కా.”

“మరి మనకెట్ల ఎరుక కాలే?”

“మంగళారం నువ్వు మూడింటికి చేతులే పెట్టవు, ఇగ ఎవరు చూస్తరు? శుక్రారం పొద్దుమూకంగ గేటు మూసుకుంటుండె. ఆ వేళ ఎట్లాగు మనం ఏం పంపం, శనారం, ఐతారం సెలవులు పాడైతయని. సోమారం పగటీలి ఒకటి రెండుసార్లు ఎర్రచుక్క వచ్చి ఆగింది. నెట్ స్లో ఉండి చుక్క మారుతలేదని నెట్ చూసుకునే షాబాజ్‌ను తిట్టినం, యాదికుందా?”

జమునకు గుర్తుంది. తిట్టింది తానే. పాపం షాబాజ్ కేబులు పీకి మళ్ళీ పెట్టాడు.

ఇప్పుడు గోడ మీది క్యాలెండర్ చూసి లెక్క వేసుకుంటే, శుక్రవారాలు పొద్దున పదకొండింటికి, గురువారాలు మధ్యాహ్నం రెండింటికి, పచ్చచుక్క చూసి ఎన్ని ‘సరే’లు నొక్కింది! అన్నీ నిండు రాహుకాలంలో. అందులో చాలామటుకు హాయిగా నడిచాయి. ఏ ఒకటో అరో తప్పిందేమో. ఆమె మనసు దేనికీ నొచ్చుకోలేదు, ఎందుకంటే చుక్క పచ్చగా ఉంది. దేవుడి మీద ఉంచవలసిన భరోసాను ఎప్పుడు ఆ చుక్క మీదికి మార్చిందో ఆమెకే తెలియదు. క్యాలెండర్ చూసినంత కాలం, వేళ చూడటం కూడా ఒక దండం పెట్టడమే అయింది. చుక్క వచ్చాక దండం పోయి చుక్కే మిగిలింది.

“అక్కా,” ఇఖ్రా గొంతు మెల్లగా ఉంది, “ఇంకోటి చెప్పాలె. గేటు తెరిచుంది గద. మన రిలీజ్ ఎప్పుడో గేటు దాటింది. మనం శ్యాంసుందరన్నకు, కరుణాకరన్నకు ఫోన్లు చేసుకుంట కూసున్నప్పటికెల్లి అది నీ కాడనే నిలవడ్డది. నీ ‘సరే’ కోసం.”

జమున తెర వైపు చూసింది. నిజమే. గేటు అవతల, ఆమె పేరు పక్కన, చిన్న గడి వెలుగుతూ ఆరుతూ ఉంది. అడ్డం పడింది రాహువు కాదు, క్లౌడ్ కాదు. ఇంతసేపూ భూమవ్వ బండ మీద నిలబడింది తన ఒక్క మాట కోసం.

గడియారం నాలుగుకు దగ్గర పడుతోంది. పూర్తి రాహుకాలం. ఈసారి అది తెలిసి, కళ్ళు తెరుచుకునే నొక్కాలి.

వేలు పెట్టబోయి ఆగింది. భయంతో కాదు. మౌస్ వదిలి, రెండు చేతులూ జోడించింది. “స్వామీ, వేళ నాకు సరిగ్గ తెల్వది. పని మాత్రం మంచిదే అనుకుంటున్న. తప్పయితే నన్ను అడుగు, గా ఆరిళ్ళోళ్ళను గాదు,” అంది పైకే. పక్కన ఇఖ్రా కూడా తల వంచి పెదవులు కదిపింది.

జమున ‘సరే’ నొక్కింది.

పైప్‌లైన్ కదిలింది. చివరి గడి నీలమైంది. తిరుగుతూ తిరుగుతూ చాలాసేపు తిరిగినట్టనిపించింది. కిందటి ఏడు మంగళవారం కూడా ఇలాగే తిరిగి, తిరిగి, ఆగిపోయింది. జమున చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. గడి పచ్చబడింది.

ఫోన్ చేస్తే ఒకసారి మోగగానే భూమవ్వ ఎత్తింది.

“చూడవ్వా ఇప్పుడు.”

అవతల గాలి చప్పుడు. ఎవరో పిల్ల పేర్లు గట్టిగా చదువుతోంది. ఒక్కో పేరుకూ భూమవ్వ “ఆ” అంటోంది. ఆరో “ఆ” వినిపించాక, “వచ్చినయి బిడ్డా! నీ కడుపు సల్లగుండ. ఇగ నేను బండ దిగుత, చినుకులు వడుతున్నయి,” అని, “బండ్ల మీద తార్పాలిన్ కప్పుమను!” అని ఎవరినో కేకేస్తూనే ఫోన్ పెట్టేసింది.

ఇఖ్రా కుర్చీని గిర్రున తిప్పి, “రాహువు హార్ గయా, ఓడిపోయిండు!” అంది.

“తప్పు, గట్లనద్దు. ఆయనేం కొట్లాటకు రాలే,” అంది జమున. కానీ నవ్వుతూనే అంది.

కాసేపటికి ఇద్దరూ టీ తాగుతుంటే ఇఖ్రా అడిగింది. “అయిదున్నర గంటలు జరిపితే సరిపోతదక్కా. మన గడియారం పెట్టేస్త. ఇగ గేటు అసలు రాహుకాలానికే మూసుకుంటది. పెట్టాల్నా?”

జమున టీ గ్లాసు రెండు అరచేతుల మధ్య తిప్పింది.

“రాహుకాలం తీసెయ్,” అంది చివరికి.

“నమ్మకం పోయిందా?”

“నమ్మకం యాడికి పోతది? గా నమ్మకం నాది. ముంబయిల ఉన్న కంప్యూటర్‌ది గాదు. నా తరఫున అది మొక్కితే నాకేం పుణ్యం? నేను క్యాలెండర్ల చూసుకుంట. ఆగేదుంటే నేనే ఆగుత.” ఆమె గ్లాసు కింద పెట్టింది. “గేటు మాత్రం ఉంచు. వంతులు మూసేదానికి రెండు గంటల ముందుగాల, రైతులందరు ఒక్కసారే నొక్కుతరు గద, గప్పుడు మూయి. గా వేళల మనం ఏం కదిలియ్యద్దు. ఇయ్యాల్టి లెక్క బాగుచేసేదుంటే, మనిషే కూసోని, తెలిసి తెరవాలె.”

ఇఖ్రా రాయడం మొదలుపెట్టి ఆగింది. “కారణం ఏం రాయాలె? రాయకుంటే క్లౌడ్ ఒప్పుకోదు.”

“రైతుల వంతు వేళ అని రాయి. తెలుగులనే.”

సాయంత్రం ఇంటికి పోయేసరికి పోశవ్వ గడపలో కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటోంది. చేతుల నుంచి నిమ్మ వాసన వస్తోంది. జమున ఆమె పక్కనే కూలబడి జరిగిందంతా చెప్పింది. క్లౌడ్, ఏపీఐ అన్నప్పుడు ముసలామె చెవి అటు పెట్టలేదు. ఆరు బండ్లు, మొగులు, బండ అన్నప్పుడు మాత్రం కళ్ళు చిన్నవి చేసుకుని విన్నది.

“రాహుకాలంలనే చేసిన అత్తమ్మా. తెలిసే చేసిన. తప్పంటవా?”

పోశవ్వ కాళ్ళు ఒత్తుకోవడం ఆపింది. “గా వేళల గుడికి మంది ఎందుకొస్తరే? సుఖమున్నోళ్ళు వస్తరా? కష్టమున్నోళ్ళే వస్తరు. గా వేళ ఎవరన్న నీ కాడికి వచ్చిండ్రంటే...” అని మాట మధ్యలో ఆపి, “నాకేం ఎరుక బిడ్డా, నేను సదివిందాన్నా? లోపటికి పో, పొయ్యి మీద పప్పు ఉంది, అడుగంటుతది,” అంది.

మర్నాడు బుధవారం. జమున వచ్చీ రాగానే గోడ మీది క్యాలెండర్ దుమ్ము తుడిచింది. మధ్యాహ్నం రెండు కాగానే ఇఖ్రాను పిలిచి, “అడుగు,” అంది. ఇఖ్రా క్లౌడ్‌ను అడిగింది. గేటు మూసి ఉందని, కారణం రైతుల వంతు వేళ అని జవాబు వచ్చింది. జమున ఊరుకోలేదు. తన చేతి గడియారం, గోడ గడియారం, ఇఖ్రా ఫోను, మూడూ చూసింది. తర్వాత కుర్చీలో వెనక్కి వాలింది.

ఆసిఫాబాద్ దారిలోని మిల్లులో గూడెం బండ్లు ఆరూ లోపలికి పోయాయని పొద్దున్నే కబురు వచ్చింది. ఆఖరి బండి మీది తార్పాలిన్ మాత్రం వానకు తడిసి బరువెక్కిందట. పత్తి పొడిగానే ఉందట.

మూడింటికి ముందు కరుణాకర్ హైదరాబాద్ నుంచి ఫోన్ చేశాడు. “అక్కా, చిన్న మార్పు ఒకటి పంపిన. రంగు మార్చుడే. నొక్కెయ్యరాదు.”

“గేటు మూసుందిరా తమ్మీ. నాలుగు దాటినంక.”

“అదేంది! ఇయ్యాల బుధారం. రాహుకాలం ఒంటిగంటన్నరకే అయిపోయింది గద!”

జమున ఆశ్చర్యపోయింది. ‘నాదేం పోతది’ అన్నవాడు ఏ రోజు రాహుకాలం ఎప్పుడో నోటికి నేర్చుకున్నాడన్నమాట.

“అది అయిపోయింది,” అంది ఆమె. “ఇప్పుడు భూమవ్వ కాలం నడుస్తుంది. జర ఆగు.”